బోర్లించిన బకెట్లు

గోడక్క ఉద్యోగం గోడలను గుద్దుకోవడం. నవ్వకండి, జీతమిచ్చి మరీ చేయించుకునే పని అది. ఆవిడ పనిచేసేది వీడియో గేములు తయారుచేసే ఆఫీసులో. మూడో అంతస్తులో కిటికీకి వీపు పెట్టి కూర్చుని, తెర మీది బొమ్మ మనిషిని నడిపిస్తూ, గేములో కట్టిన ప్రతి గోడకూ వాడి భుజం రాయించి చూడాలి. భుజం గోడలోకి దూరిపోయినా, కాలు నేలలోకి దిగిపోయినా, మెట్ల మీద మనిషి గాలిలో తేలినా రాసి పైకి పంపాలి. పదకొండేళ్ళుగా పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర దాకా ఇదే పని. అసలు పేరు జీతం కాగితానికి తప్ప ఎవరికీ గుర్తులేదు. పక్క సీటాయన గేములో వాన, ఎండ, మబ్బులు సరిగ్గా ఉన్నాయో లేదో చూస్తాడు కాబట్టి ఆయన మబ్బాయన.

గోడక్కకు కోపమెక్కువని ఆఫీసంతా అంటుంది. ఎందుకు రాదండీ కోపం? గోడ అన్నాక ఆపాలి, తలుపు అన్నాక తెరుచుకోవాలి. ఆ రెండూ చేయని సరుకును అట్టపెట్టెలో పెట్టి అమ్ముతుంటే చూస్తూ కూర్చోవడానికి ఆవిడేమైనా రాతిబొమ్మా?

చివరి మూడేళ్ళూ ఆవిడ గుద్దుకున్న గోడలన్నీ ఒక్క గేములోవే. దాని పేరు "పదివేల వాకిళ్ళు". ఆడేవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, దొంగగానో, వైద్యుడిగానో, తాళాలు తీసేవాడిగానో ఒక మహా పట్నంలో బతకాలి. లక్షల మంది ఒకే పట్నంలో తిరగొచ్చు. "కనిపించిన ప్రతి తలుపూ తెరుచుకుంటుంది" అన్నది ఆ గేము గురించి ఊదరగొట్టిన మాట. బస్సుల మీద అదే, ఫోన్లలో అదే, కూల్‌డ్రింకు సీసాల మీద కూడా అదే. ఇంకా పుట్టని గేమును జనం అప్పుడే ఆకాశానికెత్తేశారు.

ఆ జనంలో గోడక్క నాన్న ఒకడు.

ఆయన నలభై ఏళ్ళు తాళాల పని చేశాడు. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళు, లోపల గడియపడి బయట ఇరుక్కున్నవాళ్ళు ఆయన కోసం పరిగెత్తుకొచ్చేవాళ్ళు. ఆరేళ్ళ కిందట చేతులకు వణుకు పట్టుకుంది. సన్నటి ఇనుప పుల్ల తాళంలోకి పోనివ్వాలంటే అది తాళం చుట్టూ తిరుగుతుంది తప్ప లోపలికి పోదు. ఒకరోజు పనిముట్ల పెట్టె మంచం కిందికి తోసి, మళ్ళీ తీయలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని వీధిలో ఎదురింటి తలుపుకేసి చూస్తుండేవాడు. తిండి తగ్గింది, మాట తగ్గింది. అదిగో అప్పుడు ఫోన్‌లో ఈ గేము ప్రకటన కనబడింది. అందులో తాళం తీయడానికి చేతి నేర్పు అక్కర్లేదు. బటన్ నొక్కి పట్టుకుని, లోపల మీటలు ఒక్కొక్కటే లేచే చప్పుడు వినాలి.

"చేతులు పోతే పోయాయి అమ్మాయ్, చెవులు ఉన్నాయిగా" అన్నాడు ఆ సాయంత్రం. "పదివేల తలుపులట! నలభై ఏళ్ళలో నేను అన్ని తీయలేదు తెలుసా? ఒక్కోదాని వెనకాల ఒక్కో ఇల్లట. అన్నీ తీసి గానీ పోను."

గోడక్క పళ్ళెం కడుగుతూ వెనక్కి తిరగలేదు. తాను ఏ గేము మీద పనిచేస్తోందో కన్నతండ్రికి కూడా చెప్పకూడదని ఆఫీసులో సంతకం పెట్టించుకున్నారు. నోరు జారితే ఉద్యోగం పోతుంది. ఇల్లు నడిచేది ఆ ఒక్క ఉద్యోగం మీదే.

"బాగుంటుందంటావా?" అని ఆయన వారానికోసారైనా అడిగేవాడు. "నువ్వూ ఆ గేముల ఆఫీసుల్లోనే ఉన్నావు కదా, ఏమైనా విన్నావా?"

"బాగుంటుందిలే నాన్నా" అనేది. ఆ మాట అని, ఇంకో ప్రశ్న రాకముందే టీవీ పెట్టేసేది. ఎందుకంటే ఆ పట్నంలో తెరుచుకునే తలుపులు మూడు వందల చిల్లర. మిగిలినవి గోడ మీద వేసిన రంగు.

మొదటి వీధి మాత్రం అద్భుతంగా చేశారు, అది ఒప్పుకోవాలి. నాలుగేళ్ళు పట్టింది ఆ ఒక్క వీధికి. ప్రతి తాళానికీ వేరే చప్పుడు, ప్రతి ఇంట్లో వేరే వెలుతురు, వంటింటి గట్టు మీద సగం తరిగిన కూరగాయలతో సహా. ఆ తర్వాత ఓపిక అయిపోయిందో, తొందరొచ్చిందో, రెండో వీధి నుంచి పట్నం పొలిమేర దాకా తలుపుల బొమ్మలు అంటించుకుంటూ పోయారు. పిడి పట్టుకుంటే తెర మీద "ఇప్పుడు కాదు" అని రెండు మాటలు పడతాయి. అంతే.

గోడక్క ఊరుకోలేదు. తలుపు దగ్గర తలుపు రాసి పంపింది. ప్రతిదానికీ ఒకటే జవాబు: "కావాలనే అలా ఉంచాం." మామూలుగా తప్పు దొరికిన చోట గేములోనే ఒక చిన్న జెండా పాతాలి, బాగుచేసేవాళ్ళకు చోటు తెలియడానికి. ఆవిడ పాతింది. మేనేజరు ప్రతి శుక్రవారం జెండాలన్నీ తుడిపించేసేవాడు. పైవాళ్ళు చూసేసరికి పట్నం పటం శుభ్రంగా కనిపించాలట! సోమవారం వచ్చి చూస్తే ఒక్క జెండా ఉండేది కాదు. మూడు సోమవారాలు చూసింది. నాలుగో సోమవారం అరికాలి మంట నెత్తికెక్కింది.

అప్పుడు ఆవిడకు నాన్న బకెట్ గుర్తొచ్చింది.

పని చేసే రోజుల్లో ఆయనకో పద్ధతి ఉండేది. తాళం ఆ పూటకు లొంగకపోతే, దానికి తగ్గ పనిముట్టు తేవడానికి వెళ్తూ, పక్కింటివాళ్ళను ఒక బకెట్ అడిగి తలుపు ముందు బోర్లించి పెట్టేవాడు. పిడి వీధి వైపు పడుకోబెట్టేవాడు. తలుపు పగలగొట్టకండి, ఇంకొకణ్ణి పిలవకండి, నేను మళ్ళీ వస్తున్నాను అని దానర్థం. చుట్టుపక్కల నాలుగు వీధులకూ ఆ సంగతి తెలుసు. ఒకసారి ఒళ్ళు కాలిపోయే జ్వరంలో, వానలో తడుస్తూ వెళ్ళాడు. ఎందుకు నాన్నా, రేపు వెళ్ళొచ్చుగా అని చిన్నప్పటి గోడక్క అడిగితే, "బకెట్ పెట్టి వచ్చాను కదే" అన్నాడు.

గేములో పట్నం నడిబొడ్డున ఒక బావి ఉంది. బావి దగ్గర ఎర్ర బకెట్ ఉంది. అది జెండా కాదు, పట్నం సామాను. దాన్ని తుడిపించడం మేనేజరు చేతిలో లేదు. గోడక్క దాని నకలు తీసి, తెరుచుకోని మొదటి తలుపు ముందు బోర్లించి, పిడి వీధి వైపు తిప్పింది. మర్నాడు ఆ వరసలోనే ఇంకో పాతిక తలుపులు. రోజూ గోడల పని అయ్యాక బకెట్ల పని. ఏడాదిన్నర తిరిగేసరికి పట్నమంతా ఎర్ర బకెట్లే.

"ఏంటి గోడక్కా ఈ బకెట్ల గోల?" అన్నాడు మేనేజరు ఒకరోజు. ఆవిడకంటే పదేళ్ళు చిన్నవాడు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని మాట్లాడటంలో దిట్ట.

"తెరుచుకోని తలుపులు సార్. జెండాలు మీరు పీకేస్తున్నారుగా."

"ఎన్నిసార్లు చెప్పాలి? ఆడేవాళ్ళు మొదటి వీధి దాటడానికే వారం పడుతుంది. అప్పటికి డబ్బు కట్టేసి ఉంటారు."

"కనిపించిన ప్రతి తలుపూ అని బస్సుల మీద రాశారు కదండీ. ఎవరో ఒకరు అన్ని తలుపులూ తీయాలని కూర్చుంటే?"

"అలాంటి పనీపాటా లేనివాళ్ళు ఎవరుంటారక్కా" అని నవ్వాడు.

గోడక్క కుర్చీ వెనక్కి తోసి లేచింది. "ఉంటారు! నలభై ఏళ్ళు పనే చేసినవాళ్ళు ఉంటారు. మీరు అంటించినవి తలుపులు కాదు సార్, జనం చెవిలో పెట్టిన పువ్వులు. కనీసం ఆ మాట తీసేయించండి. కొన్ని తలుపులే అని రాయండి. అదీ కుదరకపోతే నోరు మూసుకోండి, అంతే గానీ ప్రతి తలుపూ అనకండి!"

మబ్బాయన తన తెర మీది ఆకాశంలోకి చూస్తున్నట్టు నటించాడు. మేనేజరు మాత్రం ముఖం ఏమాత్రం మార్చకుండా, "విడుదలకు ముందు అన్నీ ఊడ్చేస్తాంలే, మీరు మంచినీళ్ళు తాగండి" అన్నాడు.

ఊడ్చారు. గేమును పరీక్షించేవాళ్ళు వదిలిన గుర్తులన్నీ కంప్యూటరే ఏరి పారేసింది. జెండాలు, బాణాలు, అంకెలు అన్నీ పోయాయి. బకెట్లను మాత్రం అది ముట్టుకోలేదు. బావి దగ్గరి సామాను కదా, ఊళ్ళో ఎన్ని ఉంటే దానికేం? మనుషులెవరూ తిరిగి చూడలేదు.

గేము విడుదలైంది. పత్రికల వాళ్ళకు మూడు రోజుల ముందే ఇచ్చారు. మూడు రోజుల్లో మొదటి వీధి దాటడం ఎవరి తరమూ కాదు. ఇంకేం, పొగడ్తలే పొగడ్తలు. ఇంత కాలం ఎదురుచూసినందుకు ఫలితం దక్కిందని ఒకరు, మాట ఇచ్చి నిలబెట్టుకున్నారని ఇంకొకరు. ఆ మాట చదివినప్పుడు గోడక్క ఫోన్ విసిరికొట్టబోయి, కొత్తది కొనలేనని గుర్తొచ్చి ఆగింది.

ఇంట్లో నాన్న సంగతి చూడాలి! ఆదివారం పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని తెర ముందు కూర్చున్నాడు, ఎవరింటికో పనికి వెళ్తున్నట్టు. మొదటి తలుపు దగ్గర కళ్ళు మూసుకున్నాడు. ఒక మీట, రెండు మీటలు, మూడు. తలుపు తెరుచుకుంది. లోపలి గదిలోకి వెళ్ళి నిలబడి, ఎవరో ఉన్నట్టు తల వంచి బయటికి వచ్చేశాడు.

"అదేంటి నాన్నా, లోపలంతా తిరగొచ్చుగా?"

"తాళం తీసినవాడు ఇంట్లో తిరగకూడదమ్మా" అన్నాడు. ఆయన మొహంలో ఆ వెలుగు చూసి ఆరేళ్ళయింది. ఎనిమిది రోజులు ఉన్నాడు ఆయన ఆ వీధిలో. రెండు పూటలా కడుపునిండా తిన్నాడు. సాయంత్రం ఆవిడ రాగానే ఏ తాళం ఎలా మొండికేసిందో, దాన్ని ఎలా లొంగదీసుకున్నాడో కళ్ళు మెరుస్తుండగా చెప్పాడు. గోడక్క వింటూ నవ్వింది. నవ్వుతూనే లోపల ఉడికిపోయింది. నువ్వు రెండో వీధిలోకి వెళ్ళకు నాన్నా, అక్కడే ఉండిపో అని ఎలా చెప్తుంది?

తొమ్మిదో రోజు వెళ్ళాడు. ఆవిడ ఇంటికొచ్చేసరికి తెర మీద రంగు తలుపొకటి, దాని ముందు ఎర్ర బకెట్, పైన "ఇప్పుడు కాదు".

"ఇప్పుడు కాదట. మరెప్పుడట?" అన్నాడు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. ఆవిడ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అప్పటికి లోకమంతా ఆ బకెట్ల మీద పడింది. ఏ తలుపు తెరుచుకోకపోతే దాని ముందు ఒక బకెట్ ఉందని జనం పసిగట్టారు. తలుపులు తెరుచుకోనందుకు తిట్టాల్సిందిపోయి, ఇందులో ఏదో మర్మం ఉందన్నారు. బకెట్లన్నీ కలిపి గీత గీస్తే నక్షత్రాల ఆకారం వస్తుందని ఒకడు పటం వేశాడు. ఫలానా సమయానికి బకెట్ చుట్టూ ఏడుగురు నిలబడితే తలుపు తెరుచుకుంటుందని ఒకావిడ చెప్పింది. ఇంక చూడండి, పట్నంలో ఎక్కడ చూసినా బకెట్ చుట్టూ గుంపులు, రోజుల తరబడి కాపలాలు. రంగు గోడ ముందు!

కంపెనీ పెద్దాయన టీవీలోకొచ్చాడు. ఆఫీసులో అందరినీ పనాపించి చూపించారు. బకెట్ల గురించి అడిగితే ఆయన కాలు మీద కాలేసుకుని, చిరునవ్వు నవ్వి, "అది మేము అయిదేళ్ళు దాచుకున్న రహస్యం. ఓపిక ఉన్నవాళ్ళకే తలుపు తెరుచుకుంటుంది" అన్నాడు.

గదిలో చప్పట్లు మోగాయి. మేనేజరు ఇంకా గట్టిగా కొట్టాడు, గోడక్క వైపు చూడకుండా. ఆవిడ ఒళ్ళంతా మండిపోయింది. ఏడాదిన్నర నెత్తీనోరూ కొట్టుకుని చెప్పిన తప్పును వాళ్ళు కిరీటం చేసి పెట్టుకున్నారు. మబ్బాయన మెల్లగా వంగి, "ఊరుకో గోడక్కా, జీతాలు పెరుగుతాయేమో" అన్నాడు.

"పెరిగితే మీరే తీసుకోండి" అని సంచి భుజానేసుకుని నాలుగింటికే ఇంటికి వచ్చేసింది.

నాన్న గేము ఆడటంలేదు. తెర వెలుగుతోంది. ఆయన కుర్చీని తెరకు దగ్గరగా లాక్కుని, బకెట్‌నే చూస్తున్నాడు.

"ఈ బకెట్లు ఎవరు పెట్టారమ్మాయ్?"

"నాకేం తెలుసు నాన్నా? ఏదో రహస్యమంటున్నారుగా."

"రహస్యమా, నా మొహమా. పిడి చూశావా? వీధి వైపు ఉంది. నిన్నటి నుంచి నాలుగు వందల బకెట్లు చూశాను. ఒక్కదాని పిడి కూడా తలుపు వైపు లేదు." ఆయన ఆవిడ కేసి తిరిగాడు. "లోకంలో బకెట్ అలా పెట్టేది నేనొక్కణ్ణే. నేనైతే పెట్టలేదు."

గోడక్క సంచి దించి ఆయన ఎదురుగా కూర్చుంది. సంతకం, ఉద్యోగం అన్నీ గాలికి పోయాయి. మూడేళ్ళ సంగతీ చెప్పేసింది, మొదటి జెండా నుంచి ఇవాళ్టి చప్పట్ల దాకా. చెప్తున్నకొద్దీ గొంతు పెరిగింది.

ఆయన చివరి దాకా విన్నాడు. "బాగుంటుందని చెప్పావే" అన్నాడు.

"ఏం చేయమంటావు? చెప్పకూడదని సంతకం పెట్టించుకున్నారు."

"అది పోనీలే. ఉద్యోగం కోసం చెప్పావు. బకెట్ పెడితే ఏంటి అర్థం?"

ఆవిడ నేల చూసింది. "మళ్ళీ వస్తానని."

"వచ్చావా?"

"రానిస్తేగా నాన్నా! రాసి రాసి వేళ్ళు అరిగిపోయాయి. వాళ్ళు బాగుచేయకపోతే నేనేం చేసేది? గోడ పగలగొట్టి గది కట్టనా?"

"నువ్వు కట్టక్కర్లేదే!" నాన్న గొంతు కూడా లేచింది. వణికే చేత్తో తెరను చూపించాడు. ఆ బకెట్ చుట్టూ తొమ్మిది మంది నిలబడి ఉన్నారు, ఏ దేశం వాళ్ళో ఏమో. "నేను తీయలేని తాళాలు లేవనుకున్నావా? బోలెడున్నాయి. తీయలేనప్పుడు వెళ్ళి, అమ్మా ఇది నా వల్ల కాదు అని చెప్పి, బకెట్ ఎత్తి పక్కింటివాళ్ళకు ఇచ్చేసి వచ్చేవాణ్ణి. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి, అయినా వెళ్ళేవాణ్ణి. వాకిట్లో మనుషుల్ని నిలబెట్టి పోతారటే ఎవరైనా? నిన్న నేనూ నిలబడ్డాను వాళ్ళతో. మూడు గంటలు నిలబడ్డాను!"

ఆ మూడు గంటల మాట ఆవిడ భరించలేకపోయింది. కళ్ళు తుడుచుకుని ఫోన్ తీసింది. పెద్దాయన టీవీ మాటల కింద, లక్షల మంది చప్పట్ల బొమ్మలు పెట్టిన చోట, తన అసలు పేరుతో రాసింది: "ఆ ఎర్ర బకెట్లు పెట్టింది నేను. గోడలు పరీక్షించడం నా పని. తెరుచుకోని తలుపుకు గుర్తుగా పెట్టాను. వాటి వెనక గదుల్లేవు, రహస్యం లేదు. బాగుచేయమని ఏడాదిన్నర అడిగాను, చేయలేదు. దయచేసి ఇక నిలబడకండి."

నాన్న కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "ఉద్యోగం పోతుందేమోనే" అన్నాడు, ఈసారి మెల్లగా.

"పోనీ" అంది.

గంటలో వేల జవాబులు. కొంతమంది కంపెనీని ఏకిపారేశారు. కొంతమంది డబ్బు వెనక్కిమ్మన్నారు. ఇంకొంతమంది మహానుభావులు, ఈ గోడల ఆవిడ కూడా గేములో భాగమే, ఈ మాటల్లో ఆధారమేదో దాగుందని అక్షరాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. గోడక్క వాళ్ళను తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు. అయినా, తెర మీది ఆ తొమ్మిది మందిలో ఒకరు కదిలారు. తర్వాత ఇద్దరు. దీపాలు పెట్టేవేళకు ఆ తలుపు ముందు ఎవరూ లేరు.

పొద్దున తొమ్మిదిన్నరకు గోడక్క ఆఫీసుకు వెళ్ళింది. గాజు తలుపు పక్కనున్న పెట్టెకు మెడలోని కార్డు ఆనించింది. ఎర్ర దీపం వెలిగింది. మళ్ళీ ఆనించింది. మళ్ళీ ఎర్ర దీపమే. గాజు అవతల మేనేజరు ఆవిడను చూసి, చేతిలోని కప్పులోకి తల దించుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

"మీ కార్డు ఆపేశారమ్మా" అన్నాడు కాపలా ఆయన, తనే తప్పు చేసినట్టు. "సామాను ఇంటికి పంపిస్తారట. నాకింతే చెప్పారు."

పదకొండేళ్ళు. చొక్కా చేతి అంచు అరిగిన చోటు చూసుకుని, ఆవిడ చుట్టూ కలయజూసింది. మెట్ల పక్కన నేల తుడిచే ఆవిడ బకెట్ ఉంది, నీలం రంగుది. గోడక్క దాంట్లో మిగిలిన నీళ్ళు తూములో పారబోసి, తెచ్చి, గాజు తలుపుకు సరిగ్గా ఎదురుగా దభీమని బోర్లించింది. ఆ చప్పుడుకు లోపల మొదటి వరసలో వాళ్ళంతా తలలెత్తారు. మబ్బాయన సీట్లోంచి లేచి నిలబడ్డాడు.

"ఇదేంటమ్మా?" అన్నాడు కాపలా ఆయన కంగారుగా.

"తలుపు తెరుచుకోవట్లేదని గుర్తు. నేను వచ్చేదాకా ఈ బకెట్‌ను ఎవరినీ తీయనివ్వకండి."

"మళ్ళీ వస్తారా?"

గోడక్క వంగి, పిడిని వీధి వైపు తిప్పి, మెట్లు దిగి వెళ్ళిపోయింది.